అంతరిక్షం నుంచి చూస్తే అది చెరువు

ఎడారిలో ఉంటున్నవాళ్ళకు నీళ్ళొస్తాయి జాగ్రత్త అని చెప్పడానికి ఎనభై కిలోమీటర్లు వెళ్తున్నానంటే మా ఇంట్లోనే నవ్వారు. నవ్వేవాళ్ళను నవ్వనిచ్చి వెళ్ళాను. దోహా నుంచి షమాల్ రోడ్డు మీదుగా ఉత్తరానికి పోయి ఎడారిలో ఒక పగలు గడిపి రావాలనుకునేవాళ్ళకు పనికొచ్చే దారి, వేళలు, ఖర్చు అన్నీ ఇందులో రాస్తాను. అయితే నేను చూడబోయింది ఇసుకతిన్నెలను కాదు. పద్దెనిమిది మంది పడుకునే చోటును.

ముందు కారణం చెప్పాలి. మేము ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ ప్రాంతంలో ఒక విల్లాలో కింది భాగంలో ఉంటాం. మా ఆయన ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో క్వాంటిటీ సర్వేయర్. ఆయిల్ ధర పెరిగిన ఈ ఏళ్ళలో ఆయనకు శుక్రవారం తప్ప సెలవు లేదు, ఆ శుక్రవారం సగం నిద్రకే పోతుంది. రెండేళ్ళ కిందట మా అమ్మాయికి స్కూల్లో, ఆకాశం నుంచి చూసిన ప్రకృతి విపత్తుల మీద ప్రాజెక్టు ఇచ్చారు. బొమ్మలు వెతికి ప్రింట్లు తీసే పని నా మీద పడింది. అగ్నిపర్వతం వాలు మీంచి ఊళ్ళ మీదికి దిగిన బూడిద బురద, చిక్కి చిన్నబోయిన జలాశయాలు, ఇరాక్ వైపు నుంచి గల్ఫ్ అంతటా పరుచుకుని వచ్చే దుమ్ము, అన్నీ ఉపగ్రహం తీసిన బొమ్మలే. అమ్మాయి మార్కులు తెచ్చుకుని మరిచిపోయింది. నేను మానలేకపోయాను. ఒక పొడుగు నోటుపుస్తకం పెట్టాను. ఎడమ పేజీలో బొమ్మ తేదీ, అందులో కనిపించింది. కుడి పేజీలో ఆ రోజు నేల మీద నేను చూసింది. గాలిదుమ్ము రోజున ఎడమవైపు 'ఖతార్ కనబడలేదు' అని రాస్తే, కుడివైపు 'హాల్లో చిమ్మితే బకెట్టున్నర మట్టి' అని రాశాను.

మా పుట్టింటి ఊరు కరీంనగర్ జిల్లాలో కోరుట్ల వైపు. ఆ ఊరి చెరువును కూడా పైనుంచి చూశాను. వానలు లేని ఏళ్ళలో నీళ్ళు వెనక్కి పోతుంటే, చెరువు కడుపులోని శిఖం భూమిలోకి మా వాళ్ళ మడులు ఒక్కొక్కటే దిగడం ఆ బొమ్మల్లో తెలుస్తుంది. నీళ్ళు తిరిగి వచ్చిన ఏడు ఆ మడులన్నీ ఒక్కసారే మాయమవుతాయి. అది చూశాక, పొడిగా ఉన్న పల్లాన్ని నమ్మడం నాకు రాలేదు.

ఇక గంగారాం సంగతి. మా అమ్మగారి ఊరి పక్క ఊరివాడు. నలభై ఏళ్ళుంటాయి. ఇదివరకు దోహాలోనే, నజ్మాలో ఒక మెస్‌లో వంట చేసేవాడు, రెండేళ్ళుగా ఉత్తరాన పైప్‌లైన్ వేసే ఒక కంపెనీ క్యాంప్‌లో వంటమనిషి. సరుకుల కోసం నజ్మాకు వచ్చినప్పుడల్లా మా ఇంటికి ఒక సంచి గోంగూర తెచ్చేవాడు. దుకాణంలో దొరికే వాడిన కట్ట కాదు, పొద్దున కోసిన ఆకు. ఈ మధ్య ఒకసారి అడిగాను, ఈ దేశంలో ఇంత మంచి ఆకు ఎక్కడ పండుతోందని.

"మా క్యాంప్ కాడ్నే అక్కా. ఒక పల్లం ఉంది, ఎర్రమట్టి. రేగుచెట్లు కూడ ఉన్నయి. మన కాడి భూమి లెక్కనే ఉంటది. ఆ మట్టి చూసే నర్సన్న క్యాబిన్లు గాడ ఏయించిండు" అన్నాడు మురిసిపోతూ. నర్సన్న అంటే వాళ్ళ ఫోర్‌మన్ నర్సయ్య.

ఆ మాటతో నాకు గోంగూర మీద ధ్యాస పోయింది. రాళ్ళూ సున్నపు నేలా తప్ప ఏమీ లేని చోట ఒక్క పల్లంలో మాత్రం మెత్తటి మట్టి ఉందంటే, దాన్ని ఏదో తెచ్చి పోసి ఉండాలి కదా. మెయిన్ రోడ్డు దిగాక బండి మీటరు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుందో, ఎక్కడ ఎడమకు తిరుగుతారో అడిగి రాసుకున్నాను. రోడ్డు నుంచి పదకొండు, పొలం గోడ దగ్గర ఎడమకు, అక్కడి నుంచి ఇంకో మూడు. ప్రింట్ మీద స్కేలు పెట్టి కొలిస్తే చోటు దొరికింది. మన మీదుగా పదహారు రోజులకోసారి వెళ్ళే ఉపగ్రహం తీసిన పాత బొమ్మలన్నీ ఒక్కొక్కటే తీశాను. ఎండాకాలం బొమ్మల్లో అదొక లేత మచ్చ, అంతే. నాలుగేళ్ళ కిందటి చలికాలం బొమ్మలో అదే చోట నల్లటి నిండు వృత్తం ఉంది. ఆ రకం బొమ్మల్లో పచ్చదనం ఎర్రగా, నీళ్ళు నల్లగా కనబడతాయి.

గంగారాంకు ఫోన్ చేశాను. "దుబాయ్‌ల వరదలొస్తయని మా అమ్మకు చెప్తే నవ్వి సస్తది అక్కా" అన్నాడు. పన్నెండేళ్ళుగా ఖతార్‌లో ఉన్నా ఇంటి వాళ్ళకు ఇది దుబాయే. మా ఆయనకు చెప్పాను. "వరద చూడాలనుంటే సెలవుల్లో గోదావరికి పోదాం. ఇది వేరే కంపెనీ క్యాంప్, మనకు సంబంధం లేదు" అన్నారు. ఆ వారం సౌదీ మీద మేఘాల పట్టీ ఒకటి తూర్పుకు జరుగుతోంది, వాన పడొచ్చని వార్తల్లో కూడా చెప్పారు. సంబంధం ఉందో లేదో తర్వాత చూసుకుందామని సలీం భాయ్‌కి కబురు పెట్టాను.

సలీం భాయ్ మా అమ్మాయిని ఏళ్ళ తరబడి స్కూలుకు తీసుకెళ్ళిన డ్రైవరు, నిజామాబాద్ మనిషి. రోజంతటికీ పెట్రోలుతో కలిపి రెండు వందల రియాళ్ళు మాట్లాడుకున్నాను. తోడుగా మా పై భాగంలో ఉండే లీనా వచ్చింది. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన నర్సు, ఆ రోజు ఆమెకు డ్యూటీ లేదు. నా బొమ్మల్ని మొదటినుంచీ నవ్వకుండా చూసింది ఆమె ఒక్కతే. దానికి ఆమె కారణం ఆమెకుంది.

శుక్రవారం పొద్దున ఆరుంబావుకు బయల్దేరాం. శుక్రవారం పొద్దున దోహా రోడ్లు ఖాళీ, ఉత్తరానికి వెళ్ళేవాళ్ళకు ఇంతకంటే మంచి వేళ లేదు. నజ్మాలో ఆగి పరాటాలు, చాయ్ తీసుకున్నాం, ముగ్గురికీ కలిపి పద్నాలుగు రియాళ్ళు. సలీం భాయ్ నా ఒళ్ళోని ఫైలు వైపు రెండుసార్లు చూశాడు.

"మేడం, ఏందీ ఫైలు? లేబర్ కోర్టుకు పోతున్నమా, పిక్నిక్‌కు పోతున్నమా?"

"నీళ్ళు చూడటానికి భాయ్."

"ఖతార్‌ల నీళ్ళా? గట్లయితే బహ్రెయిన్ దాక నడపాలె, ఇంకో రెండు వందలు గావాలె" అని తనే నవ్వి, "యల్లా, కూసోండ్రి" అన్నాడు.

అల్ ఘర్రాఫా విల్లాలు దాటాక షమాల్ రోడ్డు తిన్నగా సాగుతుంది. క్రేన్లు వెనకబడతాయి. రోడ్డు పక్కన బోర్డుల మీద రౌదత్ అని మొదలయ్యే ఊరి పేర్లు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. వాననీళ్ళు చేరి గడ్డి మొలిచే పల్లాన్ని ఇక్కడివాళ్ళు రౌదా అంటారు. చలికాలంలో ఖతారీ కుటుంబాలు ఆ గడ్డి కోసమే డేరాలేసుకుంటాయి. దారిలో లీనా తన ఊరి సంగతి సలీం భాయ్‌కి ఇంగ్లీషులో చెప్పింది. వాళ్ళ ఊరికి పైన ఒక అగ్నిపర్వతం ఉందట.

"అది పేలిన రోజున మా వీధిలో ఒక్కరు కూడా పోలేదు. అందరం బతికిపోయాం అనుకున్నాం. బూడిద వాలు మీదే ఉండిపోయింది. తర్వాతి ఏడు వానలకు అది సిమెంటు కలిపినట్టు కలిసి కాలువ వెంట దిగింది. లహార్ అంటాం. మా స్కూలు కిటికీల దాకా వచ్చింది. ఏళ్ళ తరబడి వానొచ్చిన ప్రతిసారీ వచ్చింది, ప్రతిసారీ అదే దారిన."

"అదే దారినా?" అన్నాడు సలీం భాయ్.

"పల్లం మారదు కదా బ్రదర్. మనమే మారతాం."

సలీం భాయ్ ఆ తర్వాత బహ్రెయిన్ జోకు మళ్ళీ వేయలేదు.

రోడ్డు దిగింది ఏడున్నరకు. అక్కడి నుంచి రాళ్ళ బాట. చిన్న కారైతే నెమ్మదిగా పోవాలి, పద్నాలుగు కిలోమీటర్లకు మాకు యాభై నిమిషాలు పట్టింది. పొలం గోడ దగ్గర ఎడమకు తిరిగి ఒక మిట్ట ఎక్కగానే కింద కనబడింది. పళ్ళెంలాంటి పల్లం. అంచున తెల్లటి రాతి గడ్డ, మధ్యలో ఎర్రటి నేల, చెదురుమదురుగా పదో పన్నెండో రేగుచెట్లు. ఇక్కడ సిదర్ అంటారు, ఆకు, ముల్లు, కాయ చూస్తే మన రేగే. చెట్ల మధ్య మూడు తెల్లటి క్యాబిన్లు, ఒక జనరేటరు, దాన్నుంచి నేల మీదే పాకుతూ పోయిన కరెంటు తీగలు. వాటి పక్కన నిజంగానే మడులు. వెల్డింగ్ తీగతో పందిరి కట్టి చిక్కుడు పాకించారు. గోంగూర మొలలోతు ఉంది. రెండేళ్ళుగా నేను ప్రింట్ల మీద చూసిన దేశంలో ఇంత అందమైన చోటు ఇంకొకటి లేదు. ఆ అందం చూసే నాకు భయం వేసింది.

నర్సయ్య ఎదురొచ్చాడు. యాభై దాటిన మనిషి, పలచటివాడు, మెట్‌పల్లి దగ్గరివాడు. సెలవు రోజు కాబట్టి లుంగీ మీద ఉన్నాడు. నన్ను 'చెల్లె' అన్నాడు. టీ వచ్చింది. నేను ఫైలు విప్పాను, మనుషులు చుట్టూ చేరారు.

"గీ నల్లది నీళ్ళంటవా చెల్లే? మబ్బు నీడైతది" అన్నాడు నర్సయ్య.

"నీడైతే మబ్బు కూడ పడాలె గద అన్నా బొమ్మల. ఏది?"

పక్కన ఎవరో కిసుక్కున నవ్వారు. నేను రెండో బొమ్మ పెట్టాను, పదహారు రోజుల తర్వాతది. వృత్తం కాస్త చిన్నదైంది. మూడోది పెట్టాను, ఇంకా చిన్నది, చుట్టూ ఎర్రటి అంచు, అంటే గడ్డి. "నెల దినాలు ఒక్క మబ్బు ఒక్క కాడ్నే నిలవడి, ఎండకు ఆరిపోయిందా?"

నర్సయ్య బొమ్మను దగ్గరగా చూసి, దూరంగా పెట్టి చూశాడు. తర్వాత అడిగిన ప్రశ్న మాత్రం నేను రెండేళ్ళుగా ఎవరూ అడగకుండా తప్పించుకున్నది. "సరే, నీళ్ళే. లోతెంత? అరచేయి మందం నీళ్ళు నిలిచినా పైకెళ్ళి జూస్తే గిట్లనే నల్లగ కనవడ్తది గద."

"లోతు ఈ బొమ్మల తెల్వదన్నా" అన్నాను. తెలియనిదాన్ని తెలుసని చెప్పలేను.

"మరి! అరచేయి మందం నీళ్ళకు భయపడి గా రాళ్ళ గడ్డ మీదికి పొమ్మంటవా? మా ఊర్ల మూడేండ్లు వరుసగ ఎండింది చెల్లే. నాలుగు బోర్లు ఏసిన, నాలుగూ దుబ్బ దీసినయి. భూమి ఇడిచి గీడికొచ్చిన. పన్నెండేండ్లు రాళ్ళు, సిమెంటు తప్ప చెయ్యికి మట్టి తగల్లే. గీడ గింత మట్టి దొరికింది. దీన్ని ఇడిచి నేను యాడికి రాను." చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. ఆ కోపంలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. మా నాన్న బతికుంటే ఆ మాటే అనేవాడు.

ఫైలు మూశాను. చేతులు కడుక్కుందామని నీళ్ళ డ్రమ్ము దగ్గరికి వెళ్తే పక్కన రేగుచెట్టు మొదలు నల్లగా జిడ్డోడుతూ ఉంది. ఇదేమిటని గంగారాంను అడిగాను.

"చెదలక్కా. మేమొచ్చిన్నాడే జూసినం, అన్ని చెట్లకు మట్టి పట్టి ఉండె. చెట్లు సస్తయని నర్సన్న కాలిన ఇంజనాయిల్ పూయించిండు."

మన ఊళ్ళల్లో పెరిగిన ఎవరైనా అదే అనుకుంటారు. వేపచెట్టు మొదట్లో మట్టి పూత కనబడితే చెద అనే అంటాం, నేనూ అనేదాన్నే. కానీ అల్లంత దూరాన నూనె పూయని చెట్టు ఒకటి ఉంటే వెళ్ళి గోటితో గీరాను. పలచటి పొర, లోపల దారుల్లేవు, ఒక్క పురుగు లేదు. ఆ చెట్టుకు మట్టి నా మోకాలి దాకా ఉంది. పల్లం మధ్యలో ఉన్న చెట్టు దగ్గరికి వెళ్ళాను, అక్కడ నడుము దాకా ఉంది. రెండింటికీ మట్టి ఆగిన చోట గీత గీసినట్టు తెగిపోయింది.

"నర్సన్నా, జర ఇటురా. చెదలు లోతట్టు చెట్టు ఎక్కువ ఎక్కి, మెరక చెట్టు తక్కువ ఎక్కుతయా? కొలుచుకొని ఎక్కుతయా?"

నర్సయ్య ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు నడిచాడు. మేస్త్రీగా బతుకు మొదలుపెట్టిన మనిషి ఆయన, కళ్ళు చిన్నవి చేసి దూరాన్ని చూడటంలోనే ఆయన ఏం ఆలోచిస్తున్నాడో తెలిసింది. "గంగారాం, లెవెల్ పైపు దేరా" అన్నాడు.

లెవెల్ పైపు అంటే ఏమీ లేదు, వేలు లావు పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం, అందులో నీళ్ళు. ఇద్దరు చెరో కొస పట్టుకుంటే మధ్యలో నేల ఎంత ఎగుడుదిగుడుగా ఉన్నా రెండు కొసల్లోనూ నీళ్ళు ఒకే మట్టంలో నిలుస్తాయి. పునాదులు, గోడలు మన మేస్త్రీలు దీంతోనే సరిచూస్తారు. గాలి బుడగలు పోయేదాకా గొట్టాన్ని తట్టారు. మధ్య చెట్టు మట్టి గీతకు ఒక కొస ఆనించి నర్సయ్య నిలబడ్డాడు, మోకాలి చెట్టు దగ్గర గంగారాం.

"చెప్పు."

"గీత మీదనే ఉన్నయన్నా నీళ్ళు."

"సక్కగ జూడు."

"సక్కగనే జూస్తున్న. ఇగో, గోరంత తేడా లేదు."

మూడో చెట్టు, నాలుగో చెట్టు. ఐదోదానికీ నీళ్ళు గీత మీదే నిలిచాయి. అన్ని చెట్లకూ ఒకే మట్టాన మట్టి అంటించి పోయేవి నీళ్ళే, చెదలు కాదు. తర్వాత నర్సయ్య చెప్పకముందే గంగారాం గొట్టం కొస పట్టుకుని మొదటి క్యాబిన్ గోడ దగ్గరికి వెళ్ళాడు. నీళ్ళు నిలిచిన చోట నీలం సుద్దతో గీత గీశాడు. తలుపు తీసి అదే ఎత్తు లోపల చూశారు. క్యాబిన్లు దిమ్మెల మీద లేవు, నేల మీదే కూర్చోబెట్టారు. గీత కింది మంచం మీది దిండుకు జానెడు పైన పడింది.

అప్పటిదాకా వెనక నిలబడ్డ లీనా, "కింది మంచాల మీద ఎవరు పడుకుంటారు?" అని అడిగింది. సలీం భాయ్ ఆ ప్రశ్నను వాళ్ళకు తెలుగులో చెప్పాడు.

"మోకాళ్ళ నొప్పులున్నోళ్ళు. ముసలోళ్ళం" అన్నాడు నర్సయ్య. ఆ ఎడమ వైపు మంచం ఆయనదే.

నర్సయ్య దోహాలో ఉన్న తమ ఇంజనీరుకు ఫోన్ చేశాడు. స్పీకరు పెట్టి, లోడర్‌తో క్యాబిన్లను గడ్డ మీదికి లాగుతామన్నాడు. ఆయన హిందీలో మాట్లాడాడు, నేనిక్కడ తెలుగులో రాస్తున్నాను. పైప్‌లైన్‌లో ఆ ముక్క పూర్తయ్యేదాకా క్యాంప్ కదలదని, లోడర్ పైపులు మోయడానికి గానీ క్యాబిన్లు లాగడానికి కాదని, ఎవరు చెప్పారు ఇదంతా అని అడిగాడు. నర్సయ్య నా వైపు చూశాడు. ఫోన్ నేను తీసుకున్నాను.

"మీరెవరండీ?"

"ఇంట్లో ఉండేదాన్ని సార్. ఇక్కడి గోంగూర తింటాను."

"ఇది మీకు సంబంధించిన విషయం కాదు మేడం."

"మా ఆయన కూడా అదే అన్నారు. మీ చోటు బొమ్మలు నా దగ్గరున్నాయి, మట్టం మీ ఫోర్‌మన్ దగ్గరుంది. రెండూ చూసి తప్పని చెప్పండి, వెళ్ళిపోతాను."

ఆయన తప్పని చెప్పలేదు. శనివారం వచ్చి చూస్తానన్నాడు, అప్పటిదాకా ఎవరూ దేన్నీ ముట్టుకోవద్దన్నాడు, పెట్టేశాడు. పడమటి వైపు ఆకాశం బూడిద రంగులో ఉంది. అందులో వాన ఉందో లేదో నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేరు.

నర్సయ్య లుంగీ ఎగగట్టాడు. "సార్ చెప్పింది ఇన్నరు గద. రేపు నౌకరీ పోతే నాది పోతది. లోడర్ చావీ నా తాన ఉంది, తియ్యమన్నది నేను. మీరెవ్వరు ఏం అనలే, ఏం జెయ్యలే. ఎవలన్న అడిగితే గదే చెప్పుండ్రి."

"గట్లెట్ల అన్నా? పద్దెనిమిది మందిమి పండుకుంటం, ఒక్కనివి లాగుతవా?" అన్నాడు గంగారాం. "అందరం లాగినం అనే చెప్తం. ఎంతమందిని పంపుతరు? రేపు పైపులు సార్ మోస్తడా?"

ఆ మాటకు అందరూ నవ్విన నవ్వుతో పని మొదలైంది. పదిన్నరకు తీగలు విప్పారు. లోడర్ నడిపే మనిషి వాళ్ళలోనే ఉన్నాడు, గొలుసు తగిలించి మొదటి క్యాబిన్‌ను దాని అడుగునున్న ఇనప దూలాల మీదే, స్కిడ్లంటారు, లాగితే దోవ పొడుగునా ఎర్రమట్టిలో రెండు గాళ్ళు పడ్డాయి. సలీం భాయ్ జుమ్మా నమాజుకు మెయిన్ రోడ్డు మసీదుకు వెళ్ళొచ్చి, ఇస్త్రీ చొక్కా విప్పి పక్కన పెట్టి తనూ ఒక చెయ్యి వేశాడు. లీనా, నేనూ మంచాలు, పెట్టెలు మోశాం. మేడం మోయొద్దు అన్నవాళ్ళకు, మోయడానికే వచ్చాననే చెప్పాను. రాతి గడ్డ మీద చదునైన చోటు కూడా నర్సయ్య లెవెల్ పైపుతోనే చూశాడు. మూడో క్యాబిన్, జనరేటరు పైకి చేరేసరికి రెండున్నర. అక్కడే నేల మీద కూర్చుని అన్నం, గోంగూర పప్పు తిన్నాం.

"మడులు?" అని అడిగాను.

"మడులు గాడ్నే ఉంటయి" అన్నాడు నర్సయ్య. "మనిషిని గుంజుకొచ్చిన, మొక్కను గుంజ. నీళ్ళొస్తే రానీ. మునిగితే మునగనీ. కొత్తమట్టి ఏసి పోతది గద, మల్ల ఇత్తనం బెడ్త. పండుకొనుడు ఈడ, పండిచ్చుడు ఆడ." ఆయన ఓడిపోయినట్టు ఒక్క మాట అనలేదు. నాకు అదే నచ్చింది.

మూడున్నరకు బయల్దేరి ఐదున్నరకు ఇంటికి చేరాం. శుక్రవారం సాయంత్రం అల్ ఘర్రాఫా దగ్గర వాహనాలు ఎక్కువ, ఒక అరగంట అదనంగా వేసుకోండి. మా ఆయన తలుపు తీసి నా చీర అంచుకు అంటిన ఎర్రమట్టిని చూశారు. "వరద కనబడిందా?" అన్నారు. "ఎక్కడిదాకా వచ్చిందో కనబడింది" అన్నాను. లెవెల్ పైపు సంగతి చెప్పాక ఆయన నవ్వలేదు. ఆయన కొలతల మనిషి.

శనివారం ఇంజనీరు వచ్చాడు. నర్సయ్యకు వార్నింగ్ లెటర్ ఇచ్చాడు, క్యాబిన్లు మళ్ళీ కిందికి దించాలన్నాడు. నర్సయ్య లెటర్ మీద సంతకం పెట్టాడు, క్యాబిన్లు దించలేదు. లోడర్ ఖాళీగా లేదని ఒక రోజు, గొలుసు తెగిందని ఒక రోజు చెప్పాడట. ఆ మొదటి మేఘాలు తుప్పరతోనే పోయాయి. ఆ వారమంతా నేను ఎన్ని మాటలు పడ్డానో చెప్పను. తొమ్మిదో రోజు తెల్లవారుజాము నుంచి పగలు పది దాకా కుండపోత కురిసింది, దోహాలో అండర్‌పాసులు నిండాయి. మధ్యాహ్నం గంగారాం ఫోన్ చేశాడు. పల్లం నిండింది. క్యాబిన్లు ఇదివరకు ఉన్న చోట నీళ్ళు మోకాలి లోతు ఉన్నాయి. జనరేటరు ఇదివరకు కూర్చున్న దిమ్మె కనబడటం లేదు. సుద్ద గీత దాకా మాత్రం రాలేదు.

ఇంజనీరు అదే పట్టుకున్నాడట. మోకాలి లోతు నీళ్ళకా ఇంత గొడవ చేశారు అన్నాడట. నర్సయ్య ఏమన్నాడో గంగారాం ఫోన్‌లో రెండుసార్లు చెప్పాడు: "సార్, నిలవడ్డోనికి మోకాలు. పండుకున్నోనికి ఏడిదాక వస్తదో మీరే ఒక్కపారి పండుకొని జూడుండ్రి." క్యాంప్ రాతి గడ్డ మీదే ఉండిపోయింది. వార్నింగ్ లెటర్‌ను మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు.

ఈ ప్రయాణం తర్వాత నా నోటుపుస్తకంలో ఒక మార్పు చేశాను. ఎడమ పేజీ, కుడి పేజీ కాక మూడో గడి గీశాను: అడగాల్సిన మనిషి. ఏడు వందల కిలోమీటర్ల ఎత్తు నుంచి నీళ్ళు ఉన్నాయని తెలిసింది, లోతు తెలియలేదు. లోతు చెప్పింది వేలు లావు గొట్టం పట్టుకున్న ఇద్దరు మనుషులు. వాళ్ళను అడగకుండా నేను ఇంట్లో కూర్చుని ఉంటే నా బొమ్మలు ఒట్టి కాగితాలు. నేను వెళ్ళకుండా ఉంటే వాళ్ళు ఆ గీతను ఇంకా చెదలనే అనుకుంటూ నూనె పూస్తుండేవారు. ఆ ఉపగ్రహం బొమ్మలు అందరికీ ఉచితం. చూడటానికి నా చదువెంత, ఉద్యోగమేమిటి అని ఎవరూ అడగలేదు. చూసింది చెప్పడానికి వెళ్ళినప్పుడే, నీకేం సంబంధమని అందరూ అడిగారు. నేను నిద్రపోగలనా లేదా అన్నదే నాకున్న సంబంధం. అది చాలనుకుంటున్నాను.

చలికాలంలో ఎడారిలో డేరా వేయాలనుకునేవాళ్ళకు ఒక్క సలహా. వెళ్ళబోయే చోటు ఉపగ్రహం బొమ్మ ముందుగా చూసుకోండి, కానీ నిన్నమొన్నటిది కాదు. ఎన్నేళ్ళు వెనక్కి పోవాల్సి వచ్చినా సరే, పెద్ద వాన పడిన వారంలో తీసిన బొమ్మ వెతకండి. అది దొరికేదాకా సామాను దించకండి. ఎండాకాలం బొమ్మలో ఏ చోటైనా పడుకోవడానికి మంచి చోటే.